తెలుగు సంస్కృతం కూతురా? పాలు–హాలు నుంచి చక్రం–సైకిల్ దాకా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. వేళచ్చేరిలో ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయికి భాషాకుటుంబాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. పక్క ఫ్లాట్ తమిళాయన "మీ తెలుగులో సగం సంస్కృతమే కదండీ, మీది ఇండో-యూరోపియన్ కిందకే వస్తుంది" అన్నారు. ఊరి నుంచి వచ్చిన మీ నాన్నగారేమో "లాటిన్, గ్రీకు కూడా సంస్కృతం పిల్లలే" అన్నారు. ఏది రాయాలో తెలియక పాప టెన్షన్ పడుతోంది. తెలుగు ఏ కుటుంబం, ఇండో-యూరోపియన్‌లో ఎన్ని శాఖలున్నాయి, అసలు ఇవన్నీ ఎలా తేలుస్తారు అని మీరు అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. తెలుగు ద్రావిడ భాష, ఇండో-యూరోపియన్ (ఉత్తర భారతం నుంచి ఐరోపా దాకా పరచుకున్న భాషల కుటుంబం) కాదు. సంస్కృతం ఇండో-యూరోపియనే, కానీ లాటిన్, గ్రీకులకు అది తల్లి కాదు, తోబుట్టువు. చెన్నైలో 30 ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఈ రెండు సందేహాలూ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగేవారు. అడిగినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉండేది, ఎందుకంటే దీనికి జవాబు వెతకడానికి ఇంట్లో మాట్లాడుకునే మాటలే చాలు.

అమ్మాయిని లెక్కపెట్టమనండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. పక్కింటి ఆయన్ని తమిళంలో లెక్కపెట్టమనండి. ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు, ఆరు, ఏళు. కన్నడం వచ్చినవాళ్ళు దొరికితే ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు. ఇప్పుడు సంస్కృతం: ఏక, ద్వి, త్రి, చతుర్, పంచ, షట్, సప్త. మనకు ఈ సంస్కృతం లెక్క కూడా తెలుసు. పంచాంగం, సప్తగిరి, అష్టకష్టాలు, నవగ్రహాలు, దశావతారాలు అంటాం. కానీ కూరగాయల కొట్టు దగ్గర ఎవరూ "త్రి వంకాయలివ్వండి" అనరు. పేర్లు పెట్టడానికి అరువు తెచ్చుకున్న లెక్క ఒకటి, చిల్లర ఎంచుకునే సొంత లెక్క ఇంకొకటి. కుటుంబాన్ని తేల్చేది చిల్లర ఎంచుకునే లెక్క.

ఒళ్ళు కూడా అంతే. కన్ను, ముక్కు, చెవి, కాలు అని మనం అంటే తమిళంలో కణ్, మూక్కు, చెవి, కాల్. నీళ్ళు అంటే అక్కడ నీర్, కన్నడంలో నీరు. అగ్ని, ఉదకం, దంతం మన ఇంట్లో వినిపిస్తాయి కానీ వాటి పక్కనే నిప్పు, నీళ్ళు, పన్ను ఉన్నాయి. మన పాత వ్యాకర్తలకు ఈ తేడా బాగా తెలుసు. సంస్కృతం నుంచి దాదాపు అలాగే తెచ్చుకున్నది తత్సమం, మారి వచ్చినది తద్భవం, సొంత మాట దేశ్యం అని మాటల్ని వేరు చేసి పెట్టింది వాళ్ళే.

అయితే పోలిక కనిపించగానే చుట్టరికం కలిపేయకూడదు. తమిళంలో ఎనిమిదిని ఎట్టు అంటారు, ఇంగ్లీషులో ఎయిట్. ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. కానీ ఎనభైని తమిళంలో ఎణ్బదు అంటారు. తెలుగులో ఎనిమిది, ఎనభై; కన్నడంలో ఎంటు. అన్నిట్లోనూ ముక్కుతో పలికే ధ్వని ఉంది. అంటే అసలు మొదలు "ఎణ్", అది తమిళంలో "ఎట్టు" అయింది. ఇంగ్లీషు ఎయిట్‌కి పాత రూపం వెతికితే జర్మన్‌లో ఆఖ్ట్, లాటిన్‌లో ఒక్టో, సంస్కృతంలో అష్ట దొరుకుతాయి. దారులు వేరు, ఇప్పుడు కాకతాళీయంగా ఒక చోట చేరాయి. బద్మాష్, బద్నాంలలో ఉన్న పారశీకపు "బద్", ఇంగ్లీషు "బ్యాడ్" కూడా ఇలాంటివే. అర్థం ఒకటే, ధ్వనీ దాదాపు ఒకటే, చుట్టరికం మాత్రం లేదు.

మరి దేన్ని నమ్మాలి? మార్పు వరసగా జరిగిందా లేదా అన్నదాన్ని నమ్మాలి. తెలుగు పాలు కన్నడంలో హాలు. పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు, పేను హేను, పది హత్తు. ఒక్క మాట కాదు, వరసంతా అలాగే నడుస్తుంది. పాత కన్నడ శాసనాల్లో ఇవన్నీ "ప"తోనే ఉన్నాయి, తర్వాతి శతాబ్దాల్లో "హ" అయ్యాయి. కర్ణాటక పల్లెల్లో కొన్ని చోట్ల ఆ "హ" కూడా జారిపోయి "ఆలు" అంటారు. మొదట ప, తర్వాత హ, చివరికి ఏ హల్లూ లేదు. ఈ మూడు మెట్లు గుర్తుంచుకోండి, ఐరోపాలో మళ్ళీ ఎదురవుతాయి.

అరువు మాటలు ఇలా వరసలో నడవవు. పుస్తకాన్ని కన్నడంలో పుస్తక అనే అంటారు, "హుస్తక" అనరు. పూజ, పాపం, పుణ్యం కూడా "ప"తోనే ఉన్నాయి, చదువుకున్నవాళ్ళు వాటిని ఎప్పటికప్పుడు సంస్కృతం నుంచి నేరుగా తెచ్చుకుంటూ ఉన్నారు కాబట్టి. ఇక్కడ నాకెంతో ఇష్టమైన మాట ఒకటుంది. పర్వం నుంచి మనకు పబ్బం వచ్చింది, కన్నడంలో అది హబ్బ. అంటే ఆ మాట చాలా ముందే కన్నడవాళ్ళ ఇంట్లో చేరి, ఇంటి పిల్లలతో పాటే మారింది. అరువు మాట ఏ కాలంలో వచ్చిందో కూడా ధ్వనులు చెప్పేస్తాయి.

ఇప్పుడు ఇండో-యూరోపియన్‌కి వద్దాం. గోడమీది క్యాలెండర్ తీయండి. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్. సప్త, అష్ట, నవ, దశ. పాత రోమన్ల ఏడాది మార్చితో మొదలయ్యేది, కాబట్టి సెప్టెంబర్ వాళ్ళకి ఏడో నెల. లాటిన్‌లో ఏడు సెప్టెమ్, పది దెకెమ్. గ్రీకులో ఏడు హెప్తా, లిథువేనియన్‌లో సెప్తీని, పారశీకంలో హఫ్త్. సినిమాల్లో రౌడీలు వసూలు చేసే హఫ్తా అదే. ఏడు రోజులకోసారి ఇచ్చేది కనుక హఫ్తా, మనం భక్తితో చేసే సప్తాహం కూడా ఏడు రోజులదే. సంస్కృతపు "స" ఇరాన్ వైపు "హ" అవుతుంది. సింధు హిందు అయింది, అసుర అహుర అయింది. ఇదీ వరస మార్పే.

ఈ పోలికను గమనించినవాళ్ళలో మనకు దగ్గరివాడు ఒకాయన ఉన్నారు. కూర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాద్రీ. తెలుగు బాగా నేర్చుకుని తెలుగు–ఫ్రెంచి నిఘంటువు తయారుచేసిన మనిషి. సంస్కృతం, లాటిన్, గ్రీకు మాటలు ఇంతగా ఎందుకు కలుస్తున్నాయి అంటూ ఆయన 1767లో పారిస్ పండితులకు రాసి పంపారు. దానం లాటిన్‌లో దోనుమ్, విధవ విదుఆ అని చూపించారు. ఆ వ్యాసం 1808 దాకా అచ్చు కాలేదు. ఈలోగా 1786 ఫిబ్రవరిలో కలకత్తాలో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి ఉపన్యాసం ఇచ్చి, ఈ మూడు భాషలూ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలి, ఆ మూలం ఇప్పుడు బహుశా లేదు అన్నారు. పేరు ఆయనకే వచ్చింది.

ఆ మాటలో మీ నాన్నగారికి జవాబుంది. మూలం సంస్కృతం అని జోన్స్ అనలేదు. ఎందుకు కాదో చెప్పడానికి చక్రం అన్న మాట చాలు.

ముందు తెలుగులో ఒక సంగతి చూడండి. కన్నడంలో చెవి కివి, చెరువు కెరె. బెంగళూరులో పేటల పేర్ల చివర ఎన్ని కెరెలున్నాయో అక్కడ తిరిగినవాళ్ళకు తెలుసు. చెడుకి కెడు, చెయ్యికి కై. మన భాషలో "ఎ", "ఇ" లాంటి అచ్చుల ముందు పాత "క" మెత్తబడి "చ" అయింది. "అ", "ఒ"ల ముందు మారలేదు, అందుకే కన్ను కన్నుగానే ఉంది, కొమ్మ కొమ్మగానే ఉంది. నాలుక ముందుకొచ్చే అచ్చు పక్కన "క" కూడా ముందుకు జరిగి "చ" అవుతుంది. లాటిన్ కెంటుమ్ ఇటలీలో చెంతో అయింది కూడా ఇలాగే.

ఇప్పుడు చక్రం. అందులో మొదట "చ", తర్వాత "క". నిజానికి ఆ రెండూ ఒకే హల్లు. గ్రీకులో ఈ మాట కుక్లొస్, రెండు చోట్లా "క" ఉంది. మరి సంస్కృతంలో మొదటిది మాత్రమే ఎందుకు "చ" అయింది? పక్కన "అ" ఉంది కదా, "అ" ముందు "క" మారకూడదే! మారిందంటే అక్కడ ఒకప్పుడు "ఎ" ఉండి ఉండాలి. మూలంలో అది క్వెక్వ్లొ లాంటి రూపం. "ఎ" ప్రభావంతో మొదటి "క" "చ" అయింది. ఆ తర్వాత సంస్కృతంలో హ్రస్వమైన "ఎ", "ఒ" రెండూ "అ"లో కలిసిపోయాయి. మార్పు మిగిలింది, దానికి కారణమైన అచ్చు పోయింది. చకార, అంటే చేశాడు, అన్న క్రియలోనూ ఇదే కథ. లాటిన్‌లో "మరియు"కి క్వె, సంస్కృతంలో చ. ఉన్నాడు అనడానికి గ్రీకులో ఎస్తి, లాటిన్‌లో ఎస్ట్, సంస్కృతంలో అస్తి. గ్రీకు, లాటిన్ దాచుకున్న అచ్చును సంస్కృతం పోగొట్టుకుంది. తల్లి పోగొట్టుకున్న వస్తువు కూతుళ్ళ దగ్గర పుట్టుకతో ఎలా ఉంటుంది? ఉండదు. కాబట్టి ముగ్గురూ తోబుట్టువులు. సంస్కృతం దాచినవి గ్రీకు పోగొట్టుకున్న చోట్లు కూడా చాలా ఉన్నాయి.

అన్నట్టు గ్రీకు కుక్లొస్ నుంచే మన వీధిలో తిరిగే సైకిల్ వచ్చింది. ఇంగ్లీషు వీల్ కూడా అదే మాట. చక్రం, సైకిల్, వీల్ మూడూ ఒక్క మాటకు మూడు రూపాలు. మొదటిసారి ఇది విన్నప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక శాఖలు. బతికున్నవి ఎనిమిది, చనిపోయిన పెద్ద శాఖలు రెండు అని లెక్క వేసుకోమనండి. అన్నీ సమానంగా రాయక్కర్లేదు.

ఇండో-ఇరానియన్ అన్నిటికన్నా ఎక్కువమంది మాట్లాడేది. ఒక పక్క ఇండో-ఆర్యన్ భాషలు: సంస్కృతం, ప్రాకృతాలు, వాటి వెనక హిందీ, ఉర్దూ, బెంగాలీ, మరాఠీ, గుజరాతీ, ఒడియా, పంజాబీ, నేపాలీ, శ్రీలంకలో సింహళం. ఇంకో పక్క ఇరానియన్ భాషలు: పారశీకం, పష్తో, కుర్దిష్, బలోచి. ఐరోపా అంతటా ఉండే రోమా ప్రజల భాష రోమానీ కూడా మన దేశం నుంచి వెళ్ళిన ఇండో-ఆర్యన్ భాషే. చెన్నైలో, మదురైలో సౌరాష్ట్రులున్నారు, పట్టునేతకు పేరున్నవాళ్ళు. వాళ్ళ ఇంటి భాష ఇండో-ఆర్యన్, గుజరాతీకి చుట్టం. తమిళం, తెలుగు మాటలు దండిగా కలిసినా కుటుంబం మారలేదు. మీ పక్కింటి ఆయన వాదానికి ఇది తిరగేసిన ఉదాహరణ, పాప తప్పకుండా రాయాలి.

జర్మానిక్ శాఖలో ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్, ఐస్లాండిక్ ఉన్నాయి. ఇంగ్లీషులో ఫ్రెంచి, లాటిన్ మాటలు సగం పైనే ఉంటాయి. అయినా ఫాదర్, వాటర్, టూ, త్రీ, కమ్, గో అన్నీ జర్మానిక్ కాబట్టి అది జర్మానిక్ భాషే. ఇక్కడ మూలంలోని "ప" "ఫ" అయింది: పితృ, ఫాదర్, పాదం, ఫుట్. "ద" "ట" అయింది: దశ, టెన్, దంతం, టూత్. ఈ వరసను 1818లో డెన్మార్క్ పండితుడు రాస్క్, 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ స్పష్టంగా రాశారు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో ఒకరే ఈ గ్రిమ్.

కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. జర్మన్‌లో తండ్రి ఫాటర్, తల్లి ముటర్, అన్నదమ్ముడు మాత్రం బ్రూడర్. సంస్కృతంలో పితృ, మాతృ, భ్రాతృ మూడింట్లోనూ ఒకటే "త". మరి జర్మన్‌లో రెండు చోట్ల "ట", ఒక చోట "డ" ఎందుకు? 1870ల్లో కార్ల్ వెర్నర్ అనే డెన్మార్క్ పండితుడు వేదంలోని స్వరం చూశారు. పితా, మాతా మాటల్లో ఉదాత్తం, అంటే గొంతు పైకెత్తి పలికే స్వరం, చివరి అచ్చు మీద ఉంది, భ్రాతాలో మొదటి అచ్చు మీద. ఆ స్వరం ఎక్కడుందన్నదాన్ని బట్టే జర్మానిక్ హల్లు రెండు దారుల్లో వెళ్ళింది. మైలాపూర్‌లో వేదపారాయణ జరిగేటప్పుడు నేను ఇది తలుచుకుంటాను. స్వరం తప్పకుండా నోటి నుంచి నోటికి అప్పగించిన మన ఘనాపాఠీల వల్ల ఎక్కడో ఉత్తర ఐరోపా భాషల చిక్కు వీడింది. దీనికన్నా గొప్ప గౌరవం వేదపాఠానికి ఏముంటుంది?

ఇటాలిక్ అంటే లాటిన్, దాని పిల్లలు ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, రొమేనియన్. గ్రీకు ఒక్కతే ఒక శాఖ, 3,000 ఏళ్ళకు పైబడిన రాతలున్నాయి. అల్బేనియన్ కూడా ఒంటరి శాఖ. కెల్టిక్‌లో ఐరిష్, వెల్ష్, బ్రెటన్ ఉన్నాయి.

బాల్టో-స్లావిక్‌లో రష్యన్, పోలిష్, చెక్, బల్గేరియన్, లిథువేనియన్, లాట్వియన్ ఉన్నాయి. లిథువేనియన్ దగ్గర కాసేపు ఆగాలి. వాళ్ళ సామెత ఒకటి: "దియెవస్ దావె దాంతిస్, దుఓస్ ఇర్ దుఓనొస్." దియెవస్ దేవుడు, దాంతిస్ దంతాలు, దుఓస్ ఇస్తాడు, దుఓనొస్ రొట్టె, సంస్కృతంలో ధానాః అంటే వేయించిన గింజలు. దేవుడు పళ్ళిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు అని అర్థం. మనం "నారు పోసినవాడు నీరు పోయడా" అంటాం. భావం మనది, మాటలు సంస్కృతానివి, నేల బాల్టిక్ తీరం. అగ్నిని వాళ్ళు ఉగ్నిస్ అంటారు, లాటిన్‌లో ఇగ్నిస్. మన బండి ఇగ్నిషన్ అక్కడిదే.

ఇప్పుడు ఆర్మేనియన్. మీరు చెన్నైలో ఉన్నారు కాబట్టి దీన్ని అసలు వదలకండి. జార్జ్ టౌన్‌లో ఆర్మేనియన్ స్ట్రీట్ ఉంది, అందులో 1772 నాటి ఆర్మేనియన్ చర్చి ఉంది. ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అజ్దరార్ 1794లో మన మద్రాసులోనే అచ్చయింది. ఆ భాష కథ అచ్చంగా తెలుగు కథ లాంటిదే. ఇరాన్ రాజ్యాల పక్కన శతాబ్దాల పాటు ఉండటంతో ఆర్మేనియన్‌లో ఇరానియన్ మాటలు కుప్పలు తెప్పలుగా చేరాయి. దాంతో 19వ శతాబ్దపు పండితులు కూడా అది ఇరానియన్ మాండలికమే అనుకున్నారు. 1875లో హ్యూబ్ష్‌మాన్ అనే జర్మన్ పండితుడు అరువు మాటల్ని పక్కకు తీసి, సొంత మాటల్లో ధ్వనుల వరస చూసి, అది విడి శాఖ అని తేల్చారు. సొంత మాటల్లో తండ్రి హాయ్ర్, ఐదు హింగ్. మూలంలోని "ప" ఇక్కడ "హ" అయింది, కన్నడంలో లాగే. ఐరిష్‌లో తండ్రికి రాసే మాట మొదట అసలు హల్లే లేదు, "ఆ"తో మొదలవుతుంది. లాటిన్‌లో పాటెర్, ఆర్మేనియన్‌లో హాయ్ర్, ఐరిష్‌లో ఆహిర్. పాలు, హాలు, ఆలు. వేర్వేరు కుటుంబాలైనా మనిషి నోరు ఒకటే కాబట్టి ఒకే రకం మార్పులు ఎక్కడైనా జరగొచ్చు.

చనిపోయిన శాఖల్లో మొదటిది తొఖారియన్. చైనా పశ్చిమాన తారిమ్ ఎడారి అంచుల్లో బౌద్ధ గ్రంథాల రూపంలో దొరికింది. 1908లో జర్మన్ పండితులు సీగ్, సీగ్లింగ్ దాన్ని ఇండో-యూరోపియన్‌గా గుర్తించారు. అది రాసింది బ్రాహ్మీ లిపిలో. మన తెలుగు లిపి కూడా బ్రాహ్మీ నుంచి వచ్చిందే. అంటే అక్షరమాల ఒకటైనంత మాత్రాన భాష ఒకటి కాదు. "మన వర్ణమాల సంస్కృతం వర్ణమాలే కదా" అని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చెప్పండి.

రెండోది అనటోలియన్, ముఖ్యంగా హిట్టైట్. టర్కీలో బోగజ్‌కొయ్ తవ్వకాల్లో వేల మట్టి పలకలు బయటపడ్డాయి. లిపి చదవగలిగారు కానీ భాష అర్థం కాలేదు. 1915లో హ్రోజ్ని అనే చెక్ పండితుడు ఒక వాక్యం దగ్గర ఆగారు. అందులో రొట్టెకు రాసే పాత సుమేరియన్ గుర్తు ఉంది, దాని తర్వాత ఎజ్జత్తెని, వాతర్, ఎకుత్తెని అన్న మాటలున్నాయి. రొట్టె ఉన్న చోట తినడం ఉంటుంది. ఎజ్జ అంటే జర్మన్‌లో తినడానికి వాడే ఎస్సెన్, సంస్కృతంలో అద్ ధాతువు. వాతర్ అంటే వాటర్. "రొట్టె తింటారు, నీళ్ళు తాగుతారు." అద్ నుంచే మన అన్నం వచ్చింది, వాతర్‌కి చుట్టమే మన ఉదకం. మూడు వేల ఏళ్ళకు పైబడిన పలక మీద అన్నం, ఉదకం ఉన్నాయి.

హిట్టైట్ ఇంకో అద్భుతం కూడా చూపించింది. 1879లో సొస్యూర్ అనే స్విట్జర్లాండ్ యువకుడు, అప్పటికి ఇరవై ఒకటో ఏడు, మూలభాషలో కొన్ని ధ్వనులు ఉండి ఉండాలని కేవలం లెక్క కట్టి చెప్పాడు. అప్పటికి తెలిసిన ఏ భాషలోనూ అవి వినిపించవు. 1927లో పోలండ్ పండితుడు కురిలోవిచ్ చూపించారు: అవి ఉండాలన్న చోట్లలో హిట్టైట్ పలకల మీద "హ" లాంటి గుర్తు ఉంది. ఈ శాస్త్రం ఊహాగానం కాదని నేను విద్యార్థులకు చెప్పదలిస్తే ఈ ఒక్క కథ చెప్పేవాణ్ణి.

ఈ మూలభాష ఎక్కడ పుట్టిందన్న దాని మీద ఎక్కువమంది పండితులు నల్ల సముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల వైపు మొగ్గుతారు, కొందరు టర్కీ వైపు అంటారు. చక్రానికి, బండి భాగాలకు ఉమ్మడి మాటలున్నాయి కాబట్టి, చక్రం పుట్టాకే ప్రధాన శాఖలు విడిపోయాయని ఒక బలమైన వాదన. భాష వేరు, రక్తం వేరు అన్నది మాత్రం పాపకు గట్టిగా చెప్పండి. ఇంగ్లీషు మాట్లాడే తెలుగు పిల్ల ఇంగ్లండు రక్తం కాదు కదా. ఈ రెంటినీ కలిపేసి గత శతాబ్దంలో ఐరోపాలో చేసిన ఘోరాలు అందరికీ తెలిసినవే.

మళ్ళీ తెలుగు దగ్గరికి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా ఇంగ్లీషు పండితులు రాసేవారు. దాన్ని కాదని మొదట రుజువులతో చూపించింది మన మద్రాసులోనే. ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీని 1812లో పెట్టారు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పడానికి. మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దాని వెనక ఉన్నవాళ్ళలో ముఖ్యులు. 1816లో కంపెనీ ఉద్యోగి క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు దానికి ఎల్లిస్ ఒక పెద్ద వివరణ రాశారు. తెలుగు ధాతువులు, తమిళ ధాతువులు, కన్నడ ధాతువులు పక్కపక్కన పెట్టి, ఇవి ఒక కుటుంబం, సంస్కృతం నుంచి వచ్చినవి కావు అన్నారు. తెలుగు ధాతువుల పట్టిక కాలేజీ పండితులు పట్టాభిరామశాస్త్రిగారిది. తత్సమ తద్భవ దేశ్య విభాగానికి మచిలీపట్నం మామిడి వెంకయ్యగారి మాటల్ని ఆధారం చేసుకున్నారు. తెలుగు పండితుల పాండిత్యం లేకపోతే ఆ రుజువు లేదు. సరిగ్గా అదే 1816లో జర్మనీలో బాప్ అనే పండితుడు సంస్కృతం, గ్రీకు, లాటిన్, పారశీకం, జర్మానిక్ క్రియలను పోల్చి పుస్తకం వేశారు. రెండు కుటుంబాల మొదటి రుజువులూ ఒకే ఏడాదివి. బాప్ పేరు ప్రపంచమంతా తెలుసు, ఎల్లిస్ 1819లో చనిపోయారు, ఆయన మాట చాలాకాలం మరుగున పడింది. 1856లో కాల్డ్‌వెల్ అనే పాద్రీ పుస్తకం వచ్చాక ద్రావిడ కుటుంబం అన్న పేరు స్థిరపడింది. శాస్త్రిగారి పేరు ఇప్పటికీ మనవాళ్ళకే తెలియదు, అది నాకు బాధ.

మీ పక్కింటి ఆయనకు ఇంకో మాట చెప్పాలి, తెలుగు తమిళం నుంచి విడిపోయిన ముక్క కూడా కాదు. తమిళం, మలయాళం, కన్నడం, తుళు ఒక గుంపు. తెలుగు గోండీ, కువి, కుయి, కొండ భాషలతో కలిసి ఇంకో గుంపు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు జీవితమంతా పెట్టి దీన్ని వివరంగా నిలబెట్టారు. ఆదిలాబాద్ గోండుల లెక్కలో రండ్, మూండ్, నాలుంగ్ వింటే మనసు ఎలా అవుతుందో వింటేనే తెలుస్తుంది.

మన కుటుంబం గుర్తు ఒకటి మాటల్లో కాక వ్యాకరణంలో ఉంది. మనం, మేము. "మనం సినిమాకెళ్దాం" అంటే నువ్వూ వస్తున్నావు, "మేము వెళ్తున్నాం" అంటే నువ్వు రావట్లేదు. తమిళంలో నామ్, నాంగళ్. సంస్కృతానికి ఈ తేడా లేదు, ఇంగ్లీషుకు లేదు, హిందీకి లేదు. మరాఠీ, గుజరాతీలకు మాత్రం ఉంది, వాళ్ళు మన పక్కన బతికినందువల్ల అబ్బిందని చాలామంది అభిప్రాయం. రాను, చేయను, తినడు అని క్రియలోనే లేదని చెప్పేయడం కూడా ద్రావిడ భాషల లక్షణమే.

ప్రాజెక్టుకి ఒక చార్టు చాలు. ఒక్క "పది"ని తీసుకోమనండి. ఎడమ పక్క పది, పత్తు, హత్తు. కుడి పక్క దశ, హిందీ దస్, పారశీకం దహ్, లాటిన్ దెకెమ్, లిథువేనియన్ దెషిమ్త్, ఇంగ్లీషు టెన్. తర్వాత ఆదివారం షావుకారుపేటకు తీసుకెళ్ళి మార్వాడీ, గుజరాతీ దుకాణాల్లో లెక్క అడగమనండి. ట్రిప్లికేన్‌లో ఉర్దూ వినొచ్చు. దారిలో ఆర్మేనియన్ చర్చి తెరిచి ఉంటే లోపలికి వెళ్ళి సమాధిరాళ్ళ మీది అక్షరాలు చూపించండి. సౌరాష్ట్ర ఇల్లు ఏదైనా తెలిస్తే వాళ్ళ అంకెలు ఒకటి నుంచి పది దాకా రాయించుకుని, అవి ఏ పక్కన పెట్టాలో పాపనే తేల్చమనండి. తను ఎటు పెట్టిందో, ఎందుకు పెట్టిందో నాకు రాయండి, చూసి చెప్తాను.